మచ్చల లెక్క

2022లో మా అమ్మమ్మకు వృద్ధాప్య పింఛను కోసం కాగితాలు పెట్టాం. వయసు చాలదని తిరిగి వచ్చాయి. కార్డులో ఆమె పుట్టిన తేదీ 1974 జనవరి 1 అని ఉంది. ఆ లెక్కన మా అమ్మమ్మ తన పెద్దకొడుకు కన్నా ఏడేళ్లు చిన్నది. తన కూతురు, అంటే మా అమ్మ కన్నా నాలుగేళ్లే పెద్దది.

కార్డులు తీసిన రోజున ఎవరో అడిగారు, "నీకెంత వయసు?" అని. ఆమె చెప్పలేదు. అడిగినవాళ్లు ముఖం చూసి ఒక అంకె వేశారు. పుట్టిన రోజు తెలియనివాళ్లందరూ జనవరి ఒకటినే పుడతారు కదా. మా కొండ మీద సగం మందికి అదే పుట్టినరోజు.

తిరిగొచ్చిన కాగితాలు పట్టుకుని చీపురుపల్లిలో నా అద్దె ఇంట్లో కూర్చున్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకంటే అంతకు ముందు మూడేళ్లు నేను చేసిన పని వయసు లెక్కపెట్టడమే. మనుషుల వయసు కాదు, ఈస్టు వయసు.

ఆ పని గురించి మన పిల్లలకూ, పంతుళ్లకూ చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది సీతంపేట పైన కొండల్లో జాతాపుల ఊరు. పదో తరగతి వరకు ఆశ్రమ పాఠశాలలో చదివాను. పాలకొండ, రాజాం మీదుగా బస్సులో చీపురుపల్లి వచ్చి, జీవితంలో మొదటిసారి రైలు చూసింది ఇక్కడి స్టేషన్లోనే. ఆ రైలెక్కి విశాఖపట్నం వెళ్లి బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివాను. ఆ తర్వాత ఒక ప్రయోగశాలలో ప్రాజెక్టు ఉద్యోగం దొరికింది. ఈస్టు కణాలు ఎలా ముసలివవుతాయో చూసే ప్రాజెక్టు అది.

మొదటిరోజు గాజుపలక మీద బొట్టు వేసి మైక్రోస్కోపులో చూపించారు. గుండ్రటి గింజల్లాంటి కణాలు. కొన్నింటికి పక్కన చిన్న మొగ్గ. ఆ మొగ్గ పెరిగి విడిపోతే అదొక కొత్త కణం. తల్లి తల్లిగానే ఉంటుంది, పిల్ల వేరైపోతుంది. ఆ వాసన మాత్రం నాకు కొత్త కాదు. మా ఊళ్లో జీలుగు కల్లు కుండ మూత తీస్తే వచ్చే వాసనకు దగ్గర. కల్లు పొంగేది ఈస్టు వల్లే. రొట్టె పొంగేదీ ఈస్టు వల్లే. మా తాతలు దాన్ని చూడలేదు గాని, దానితో పని చేయించుకోవడం వాళ్లకు తెలుసు.

ఈస్టు కణం తన జీవితంలో ఇరవై, ముప్పై పిల్లలను కంటుంది. తర్వాత ఆగిపోతుంది, చనిపోతుంది. ఈ సంగతిని 1959లో అమెరికాలో రాబర్ట్ మార్టిమర్, జాన్ జాన్‌స్టన్ అనే ఇద్దరు తేల్చారు. వాళ్లు చేసిన పని వినడానికి చాలా చిన్నది. ఒక్క తల్లి కణాన్ని ఎంచుకుని, అది పిల్లను కన్న ప్రతిసారీ ఆ పిల్లను సన్నని సూదితో పక్కకు తీసి, పుస్తకంలో ఒక గీత గీశారు. తల్లి ఆగిపోయేవరకు అలా గీస్తూ పోయారు. ఆ గీతలే దాని ఆయుష్షు.

నేనూ అదే చేశాను. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పని అలాగే ఉంది. గంటన్నరకు ఒక పిల్ల పుడుతుంది. ఒక పళ్లెంలో నలభై, యాభై తల్లులు వరసగా ఉంటాయి. ఒక వరస పూర్తయ్యేసరికి మొదటిది మళ్లీ మొగ్గ తొడుగుతుంది. భోజనానికి వెళ్లాలన్నా లెక్క చూసుకునే వెళ్లాలి. రాత్రి పళ్లాన్ని ఫ్రిజ్‌లో పెడితే కణాలు ఆగుతాయి, పొద్దున్న తీస్తే మళ్లీ మొదలు. ఒక ప్రయోగం వారాల తరబడి నడిచేది. మెడ పట్టేసేది. పొలంలో కలుపు తీసిన చేతికి ఆ ఓపిక కొత్త కాదని నాకు నేను చెప్పుకునేవాడిని.

లెక్కకు ఇంకో దారి కూడా ఉంది. పిల్ల విడిపోయిన చోట తల్లి గోడ మీద గుండ్రటి మచ్చ మిగిలిపోతుంది. రొయ్య పొట్టులో ఉండే కైటిన్ అనే పదార్థంతో ఆ మచ్చ కడుతుంది. కాల్కోఫ్లోర్ అనే రంగు వేసి చూస్తే ఆ మచ్చలు నీలంగా మెరుస్తాయి. ఒక్కో మచ్చకు ఒక్కో పిల్ల. పుట్టిన తేదీ రాసి ఉండక్కర్లేదు. ఒళ్లే చెబుతుంది.

ఇంకొక ఆశ్చర్యం ఉంది. తల్లి ముసలిదైనా పిల్ల ముసలిగా పుట్టదు. పాడైన ప్రొటీన్లను, పనికిరాని డీఎన్ఏ ముక్కలను తల్లి చాలావరకు తన దగ్గరే ఉంచుకుంటుంది. పిల్ల మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. కాని తల్లి మరీ ముసలిదైతే దాచుకునే శక్తి తగ్గుతుంది. చివరి పిల్లలకు ఆయుష్షు తక్కువ.

ఒకసారి సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఫోనులో ఉన్న ఫొటో మా అమ్మమ్మకు చూపించాను. అడ్డపొగ తీసి పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఏటిరా ఇది?"

"తల్లి కణం అమ్మమ్మా. ఈ గుండ్రాలన్నీ కన్న పిల్లల గుర్తులు."

"ఎంతమంది?"

"పదకొండు."

"నాకు తొమ్మిదిమంది గుంటలు. ఐదుగురే బతికినారు. నాకేటి గుర్తుల్లేవేటి? కడుపు సూడు, తెలస్తాది."

ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పోయిన నలుగురికి ఏ కాగితం మీదా పేరు లేదు.

ఈ ఈస్టు గోల మనకెందుకు అని అడగవచ్చు. మన కణం పనిచేసే తీరులో చాలా భాగం ఈస్టు కణంలోనూ అలాగే ఉంది. అందుకే పెద్ద పెద్ద సంగతులు ముందు ఇందులోనే దొరికాయి. 1996 నాటికి దాని జన్యుక్రమం మొత్తం చదివేశారు. 16 క్రోమోజోములు, సుమారు 6,000 జన్యువులు. కణ విభజనను నడిపే జన్యువులకు 2001లో, క్రోమోజోము చివరలను కాపాడే ఏర్పాటుకు 2009లో, కణం తన చెత్తను తానే తిని మళ్లీ వాడుకునే పద్ధతికి 2016లో నోబెల్ బహుమతులు వచ్చాయి. మూడింటిలోనూ ఈస్టు ఉంది. మూడోది జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమిది. ఆయన చేసినదేమిటంటే, ఆకలితో ఉంచిన ఈస్టును మైక్రోస్కోపులో ఓపికగా చూడడం.

నాకు బాగా నచ్చిన కథ ఇంకొకటి ఉంది. పసిఫిక్ సముద్రం మధ్యలో ఈస్టర్ ద్వీపం అని ఒక చిన్న ద్వీపం. అక్కడి ఆదివాసులు దాన్ని రాపా నూయి అంటారు. 1964 చివరలో కెనడా నుంచి ఒక వైద్య బృందం అక్కడికి వెళ్లింది. వాళ్లు తెచ్చిన మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. అది ఈస్టు వంటి బూజు జాతిని చంపే ఒక పదార్థాన్ని తయారుచేస్తోంది. ద్వీపం పేరు మీద దానికి రాపమైసిన్ అని పేరు పెట్టారు. మాంట్రియల్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్న సురేంద్రనాథ్ సెహగల్ దాని మీద పనిచేశారు. కంపెనీ ఆ పనిని ఆపేసి ప్రయోగశాల మూసేస్తే, ఆయన ఆ సూక్ష్మజీవిని ఇంటికి తీసుకుపోయి ఫ్రీజర్‌లో దాచారు. తర్వాత మళ్లీ పని మొదలైంది. 1999లో అది మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారికి మందుగా అనుమతి పొందింది.

అది కణంలో దేన్ని పట్టుకుంటుందో కనిపెట్టినది ఈస్టులోనే. 1991లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో జోసెఫ్ హైట్‌మన్, ఎన్. రావు మొవ్వ, మైకేల్ హాల్ అనే ముగ్గురు ఆ పని చేశారు. మధ్య పేరు చూసి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. మొవ్వ! కృష్ణా జిల్లాలో క్షేత్రయ్య ఊరు మొవ్వ. ప్రపంచంలో ముసలితనం మీద పనిచేసేవాళ్లంతా చదివే ఆ పత్రంలో మన నోటికి తిరిగే పేరొకటి ఉంది. నాకు ఆ రోజంతా సంతోషంగా అనిపించింది.

వాళ్లు చేసిన పద్ధతి మన రైతుకు అర్థమవుతుంది. తెగులొచ్చి మడంతా పోతే, అందులో నాలుగు దుబ్బులు నిలబడితే, మనం ఆ దుబ్బుల విత్తనం దాస్తాం. వాటిలో ఏదో ఉందని తెలుసు కనుక. వాళ్లు ఈస్టు పళ్లెంలో రాపమైసిన్ వేశారు. దాదాపు అన్నీ పెరగడం మానేశాయి. ఎక్కడో కొన్ని మాత్రం పెరిగాయి. పెరిగినవాటిలో ఏ జన్యువు మారిందో వెతికారు. అలా దొరికిన జన్యువులలో రెండింటికి టార్ అని పేరు పెట్టారు. రాపమైసిన్ తగిలే గురి అని దాని అర్థం. జర్మను భాషలో టార్ అంటే కోటగుమ్మం కూడా. బాసెల్‌లో పాతకాలపు కోటగుమ్మాలు ఇంకా ఉన్నాయి.

టార్ చేసే పని ఇది. తిండి ఉందా లేదా అని చూస్తుంది. తిండి ఉంటే "పెరుగు, కను" అంటుంది. తిండి తగ్గితే తాను ఊరుకుంటుంది. అప్పుడు కణం పెరగడం తగ్గించి, ఉన్నది సర్దుకుని, చెత్తను తిరగవాడుకుని నిలబడుతుంది. టార్ నెమ్మదించిన ఈస్టు ఎక్కువకాలం బతుకుతుంది. 2009లో ముసలి ఎలుకలకు రాపమైసిన్ పెట్టి చూస్తే అవి కూడా ఎక్కువకాలం బతికాయి. మనిషికి ఆయుష్షు పెంచుతుందని ఇంకా రుజువు కాలేదు. అది రోగనిరోధక శక్తిని తగ్గించే మందు, సరదాకి మింగేది కాదు.

ఈ కథలో నాకు నొప్పి కలిగించే ముక్క కూడా ఉంది. మందుకు ద్వీపం పేరు దక్కింది. ద్వీపంలోని మనుషులకు లాభంలో వాటా రాలేదు. మన దేశంలో దీనికి వేరే దారి ఒకటి పడింది. కేరళలో అగస్త్య కొండల కాణి గిరిజనులు ఆరోగ్యపచ్చ అనే మొక్క కాయలు తిని అలసట లేకుండా నడిచేవారు. 1987లో వాళ్లతో కొండలెక్కిన శాస్త్రవేత్తలు అది చూసి, తర్వాత జీవని అనే మందు చేశారు. వచ్చిన సొమ్ములో కాణులకు వాటా ఇచ్చారు. 2002లో మన జీవవైవిధ్య చట్టం వచ్చింది. మన కొండ మీది ఆకు గురించి ఎవరైనా వచ్చి అడిగితే, ఆ చట్టం ఒకటి ఉందని మన పిల్లలకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు నేను ల్యాబులో ఉన్న రోజుల్లో జరిగిన ఒక మాట చెబుతాను. ఈస్టుకు మామూలుగా పెట్టే చక్కెరలో నాలుగోవంతే పెడితే దాని ఆయుష్షు పెరుగుతుంది. నేను లెక్కపెట్టిన పళ్లాలలో అవీ ఉండేవి. ఒకరోజు టీ దగ్గర ఒకాయన నాతో అన్నాడు: "మీ ట్రైబల్స్ అదృష్టవంతులయ్యా. తక్కువ తింటారు, ఎక్కువ బతుకుతారు."

ఆయన చెడ్డవాడు కాదు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన జవాబు నాకు తర్వాత చాలా రాత్రులు తట్టింది.

వానాకాలంలో గింజలు అయిపోతే మా ఊళ్లో మామిడి టెంక పిండి జావ కాచుకునేవాళ్లు. టెంకలోని పప్పు ఎండబెట్టి, నానబెట్టి, వగరు పోయేదాకా కడిగి చేస్తారు. నేను చిన్నప్పుడు తాగాను. అది ఆయుష్షు పెంచే తిండి కాదు. వేరే ఏమీ లేనప్పుడు ప్రాణం నిలిపే తిండి. ప్రయోగశాలలో ఈస్టుకు తగ్గించేది చక్కెర ఒక్కటే. మిగతావన్నీ కొలత ప్రకారం అందుతాయి. వేడి ముప్పై డిగ్రీల దగ్గర ఉంటుంది. జ్వరం రాదు, పురుడు రాదు, వాగు పొంగదు. మా అమ్మమ్మ పోగొట్టుకున్న నలుగురిలో ఇద్దరు జ్వరంతో పోయారు. ఒకడిని డోలీ కట్టి దింపుతుంటే దారిలోనే పోయాడు. ఇంకొకరు పుట్టినరోజే. ఆకలి వేరు, మితంగా తినడం వేరు. ఆ తేడా తెలియని శాస్త్రం మన దాకా రాలేదన్నమాట. దాన్ని మన దాకా తేవాలంటే మనవాళ్లే అందులో ఉండాలి. ఆ టీ బల్ల దగ్గర ఇంకొక గిరిజన పిల్లో పిల్లడో ఉండి ఉంటే, నేను జవాబు చెప్పి ఉండేవాడినేమో.

నేను అక్కడ మిగల్లేదు. మా నాన్నకు జబ్బు చేసింది, ప్రాజెక్టు సొమ్ము నెలల తరబడి ఆలస్యమయ్యేది. మూడో ఏడు చివర మానేసి వచ్చాను. పీహెచ్‌డీ కాలేదు. ఇప్పుడు చీపురుపల్లిలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. చాలాకాలం దాన్ని ఓటమి అనుకున్నాను.

పింఛను కాగితాలు తిరిగొచ్చినప్పుడు ఆ మూడేళ్ల చదువు పనికొచ్చింది. అమ్మమ్మను చీపురుపల్లి తీసుకొచ్చి, ఒక నోటుపుస్తకం తీసి ఎదురుగా కూర్చున్నాను. ఏ సంవత్సరం అని అడగలేదు. ఏ పిల్ల పుట్టినప్పుడు ఏం జరిగిందో అడిగాను.

"పెద్దమావ పుట్టినప్పుడు ఏటయింది?"

"ఆడు సంకలోన ఉన్నాడు. లేవిడి కాడ కాల్సినారని ఊరంతా అడివిలోకి పోనాం. ఆడు ఏడస్తే నోరు మూసినాను."

నా చెయ్యి ఆగిపోయింది. లేవిడి కాల్పులు 1967 అక్టోబరు 31న జరిగాయి. సభకు వెళ్తున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్చారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. శ్రీకాకుళం గిరిజన పోరాటం మలుపు తిరిగింది అక్కడే. చరిత్ర పుస్తకాల్లో ఉన్న ఆ తేదీన మా అమ్మమ్మ చంకలో బిడ్డతో అడవిలో ఉంది. అతనికి ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయింది. అంటే 1967 నాటికి ఆమెకు ఇద్దరు పిల్లలు. కార్డు ప్రకారం ఆమె పుట్టడానికి ఇంకా ఆరేళ్లు పైనే ఉంది!

అలా తొమ్మిది గీతలు గీశాను. ఒక్కో గీత పక్కన ఆ ఏడు జరిగినది రాశాను. ప్రయోగశాలలో వేల గీతలు గీసిన చెయ్యే. కాని ఈ గీతలకు పేర్లున్నాయి. పోయిన నలుగురి పేర్లు మొదటిసారి కాగితం మీదకు వచ్చాయి. ఒక పేరు చెప్పేటప్పుడు ఆమె చాలాసేపు ఆగింది. ఆ పేరు యాభై ఏళ్లుగా ఎవరూ అడగలేదట.

ఆ కాగితం, పెద్దమావ చదువు కాగితం, డాక్టరు చూసి రాసిచ్చిన వయసు పత్రం కలిపి మళ్లీ పెట్టాం. నాలుగుసార్లు తిరిగాం. చివరికి కార్డు మారింది. ఇప్పుడు అందులో 1950 జనవరి 1 అని ఉంది. అదీ కచ్చితం కాదు, కాని నిజానికి దగ్గర. మొదటి పింఛను వచ్చిన నెల చుట్టల కట్ట కొనుక్కుని, మిగిలినది కొంగున ముడేసుకుంది. "నీ పురుగుల లెక్క బాగుందిరా," అంది.

పంతుళ్లకు ఒక మాట. ఈ పాఠం చెప్పడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ల సీసాలో చెంచాడు పంచదార, చెంచాడు రొట్టె ఈస్టు వేసి, మూతికి బెలూను తొడిగితే కాసేపటికి బెలూను దానంతటదే లేస్తుంది. బడిలో మైక్రోస్కోపు ఉంటే ఒక చుక్క కల్లు తెప్పించి చూపించండి. మొగ్గలు తొడిగిన కణాలు కనిపిస్తాయి. కల్లు ఇంటి నుంచి తెచ్చిన పిల్లవాడు ఆ రోజు తలెత్తుకుని కూర్చుంటాడు. మా తరగతిలో నేను చూశాను.

పిల్లలకు ఒక మాట. ఈ దారి మూసి లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు గారు ముసలి మెదడు కణాలు డీఎన్ఏను ఎలా బాగుచేసుకుంటాయో పరిశోధించారు. అక్కడే కృష్ణవేణి మిశ్రా గారు ఈస్టు క్రోమోజోముల మీద పనిచేస్తున్నారు. విజయనగరంలోనే 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. పీహెచ్‌డీ చేసే గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ జాతీయ ఫెలోషిప్ ఇస్తుంది. నేను ఆ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను. మీరు ముందే తెలుసుకోండి. ఇంట్లో కష్టం వస్తే మానేసే ముందు ఒక్కరినైనా అడగండి. నేను అడగలేదు.

ఇంకొక పని ఈ రోజే చెయ్యవచ్చు. మీ ఇంట్లో ముసలామె పక్కన కూర్చుని, ఎంతమందిని కన్నావు, ఒక్కొక్కరు పుట్టినప్పుడు ఏం జరిగింది అని అడగండి. రాసుకోండి. పోయినవాళ్ల పేర్లు కూడా రాయండి.